సైన్స్ గద్యభాగాల్లో పదాల అర్థం, 4వ భాగం: తెలిసిన పదంతోనే తిప్పలు

కొత్త పదం కనిపిస్తే ఆగి ఆలోచిస్తాం. తెలిసిన పదం దగ్గర ఆగం. ప్రశ్న తయారుచేసేవారు కాచుక్కూర్చునేది అక్కడే. ఈ భాగమంతా అలాంటి పదాల గురించే. ముందు ఈ గద్యం చదవండి.

“100 గ్రాముల నీటిలో 40 గ్రాముల పొటాషియం నైట్రేట్ వేసి బాగా కలిపారు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 32 గ్రాములే కరిగి, మిగతాది అడుగున నిలిచింది. ద్రావణం సంతృప్తమైంది. 40 డిగ్రీలకు వేడిచేసి కలిపితే అడుగున ఉన్నదీ కరిగిపోయింది. ఇప్పుడది అసంతృప్త ద్రావణం.”

ప్రశ్న: ఇక్కడ ‘సంతృప్త’ అంటే ఏమిటి?
అ) ఎక్కువ గాఢత గల
ఆ) ఆ ఉష్ణోగ్రత వద్ద ఇంకేమీ కరిగించుకోలేని
ఇ) పూర్తిగా కలిసిపోయిన
ఈ) వేడిచేయడానికి సిద్ధంగా ఉన్న

ఐచ్ఛికాలను చేత్తో మూసి, ఆ పదం ఉన్న వాక్యాన్నీ దాని ముందూ వెనకా వాక్యాలనూ చదవండి. అర్థాన్ని నాలుగైదు మాటల్లో మీరే చెప్పుకోండి: ‘ఇక కరగదు’. తర్వాతే చెయ్యి తీయండి. ముందే ఐచ్ఛికాలు చూస్తే ‘అ’ చటుక్కున నచ్చేస్తుంది, పైగా నీటిలో పొటాషియం నైట్రేట్ ఎక్కువగా ఉన్న మాటా నిజమే. అందుకే రెండో పరీక్ష పెట్టాలి. ఎంచుకున్న అర్థాన్ని ఆ పదం ఉన్న చోటే కాక, దాని వ్యతిరేక పదం ఉన్న చోట కూడా పెట్టి చూడండి. 40 డిగ్రీల దగ్గర కరిగి ఉన్నది 40 గ్రాములు, అంటే గాఢత పెరిగింది. అయినా గద్యం దాన్ని ‘అసంతృప్త’ అంటోంది. ‘అ’ అక్కడే పడిపోయింది. ‘ఇ’ కూడా నిలవదు, ఎందుకంటే సంతృప్తమైనప్పుడే కొంత అడుగున మిగిలింది. ‘ఈ’ గద్యంలోని ‘వేడిచేసి’ అన్న మాటను పట్టుకుని అల్లింది, దాని మీద సమయం పెట్టనక్కర్లేదు. జవాబు ‘ఆ’.

శాస్త్రం మారితే అర్థం మారే పదాలు మరో రకం. ‘కణం’ జీవశాస్త్రంలో జీవుల నిర్మాణ ప్రమాణం, భౌతికశాస్త్రంలో ఎలక్ట్రాన్ లాంటి సూక్ష్మ పదార్థం. ‘కేంద్రకం’ రెండు చోట్లా ఉంది. ‘వాహకం’ రాగి తీగ కావచ్చు, మలేరియాను మోసుకొచ్చే దోమ కావచ్చు. పక్కనున్న క్రియను చూస్తే చాలావరకు తేలిపోతుంది: కేంద్రకం ‘విభజన’ చెందితే కణం లోపలి సంగతి, ‘విచ్ఛిత్తి’ చెందితే పరమాణువు సంగతి. ఒకే గద్యంలో రెండర్థాలూ వచ్చే సందర్భాలు తక్కువే కానీ, రేడియేషన్ జీవుల మీద చూపే ప్రభావం గురించిన గద్యమైతే జాగ్రత్త. అక్కడ ‘కణం’ వచ్చిన ప్రతిసారీ విడిగా తేల్చుకోవాలి.

పదాన్ని విడగొట్టి అర్థం లాగే పద్ధతి ‘నిర్జలీకరణం’ (నీటిని తొలగించడం) దగ్గర బాగా పనిచేస్తుంది. ‘క్షయకరణం’ దగ్గర బోల్తా కొట్టిస్తుంది. క్షయమంటే తగ్గడం కదా అని ‘ఎలక్ట్రాన్లను కోల్పోవడం’ గుర్తిస్తే తప్పు, ఎలక్ట్రాన్లను గ్రహించడమే క్షయకరణం. విడగొట్టడం వల్ల వచ్చేది ఊహ మాత్రమే, దానికీ పై రెండు పరీక్షలు పెట్టాలి.

ఇక వాడుకలో ఒకటిగా చెలామణి అయ్యే జంటలు. మామూలు మాటల్లో ‘వడి’, ‘వేగం’ ఒకటే. భౌతికశాస్త్రంలో వేగానికి దిశ కూడా ఉంటుంది. కాబట్టి వృత్తాకార దారిలో సమవడితో తిరిగే వస్తువు వేగం క్షణక్షణం మారుతుంటుంది. ఆ వాక్యం చదివి ‘ఇదేదో అచ్చుతప్పు’ అనిపించిందంటే, పదం అక్కడ వాడుక అర్థంలో లేదన్నమాట. విరుద్ధంగా తోచిన వాక్యాన్ని దాటేయకండి, ప్రశ్న సాధారణంగా దాని మీదే వస్తుంది.

అభ్యాసం: “20 కిలోల పెట్టెను తలపై పెట్టుకుని ఒకరు చదునైన నేల మీద సమవేగంతో 10 మీటర్లు నడిచారు. బాగా అలసిపోయినా, గురుత్వ బలానికి వ్యతిరేకంగా వారు పెట్టెపై చేసిన పని శూన్యం.” ఇక్కడ ‘పని’ అంటే: అ) శ్రమ, ఆ) ఖర్చయిన మొత్తం శక్తి, ఇ) బలం, ఆ బలం దిశలో జరిగిన స్థానభ్రంశం – వీటి లబ్ధం, ఈ) నడిచిన దూరం.

జవాబుతో పాటు మిగతా మూడింటినీ గద్యంలోని ఏ మాట కొట్టేస్తుందో కూడా రాసుకోండి. 5వ భాగం ఆ వివరణతోనే మొదలవుతుంది.