ఏ సినిమా అని కాదు, ఏ హాల్లో అని అడగండి

"మీ చిన్నప్పుడు బాగా నచ్చిన సినిమా ఏది?" అని ఇంట్లో పెద్దవాళ్లని అడిగి చూడండి. "ఏముందిరా, అన్నీ బాగానే ఉండేవి" అంటారు, కబురు అక్కడితో సరి. అదే మనిషిని "మీ ఊరికి దగ్గర్లో సినిమా హాలు ఎక్కడుండేది మామ్మా, ఎవరితో వెళ్లేదానివి?" అని అడగండి. కంచంలో అన్నం చల్లారిపోతుంది గానీ కబురు మాత్రం ఆగదు.

సంక్రాంతికి ఎలాగూ అందరూ ఊరు చేరతారు, కనుమ నాడు ప్రభల తీర్థం చూసొచ్చాక సాయంత్రం ఖాళీయే. ఆ ఖాళీలో ఇంట్లోవాళ్ల చిన్నప్పటి సినిమా కబుర్లు రాబట్టి, ఏ సినిమానో తేల్చుకుని, దాన్ని పిల్లలతో కలిసి మళ్లీ చూడాలంటే ఏం చేయాలో చెబుతాను. కోనసీమ అయినా, ఇటు నరసాపురం, పాలకొల్లు వైపు అయినా పద్ధతి ఒకటే.

ముందు దారి గురించి అడగాలి, కథ గురించి కాదు. కాలవ గట్టు మీద నడిచి వెళ్లారా, రెండెడ్ల బండి కట్టారా, రిక్షాలో ఒకరి మీద ఒకరు కూర్చున్నారా? లంక ఊళ్లవాళ్లనైతే రేవు సంగతి తప్పకుండా అడగండి, ఎందుకంటే వాళ్లకి సినిమా అంటే ఏరు దాటి వెళ్లే వ్యవహారం. ఆఖరి పడవ ఎన్నింటికి, అది తప్పిపోతే రాత్రి ఎవరింట్లో పడుకున్నారు, మర్నాడు ఇంటికొస్తే ఏమైంది అని అడుగుతూ పోతే సగం కథ అందులోనే వచ్చేస్తుంది. డబ్బులు ఎక్కడివి అన్నది తర్వాతి ప్రశ్న. దీనికి జవాబు కాస్త నవ్వుతూ, కాస్త అటూ ఇటూ చూస్తూ చెబుతారు. కొబ్బరికాయలు అమ్మేశారా, ధాన్యం గాదెలోంచి ఓ కుంచెడు తీశారా అని మీరే అందించండి.

ఆ తర్వాత ఎక్కడ కూర్చున్నారో అడగండి. నేల, బెంచీ, కుర్చీ అని మూడు రకాల టిక్కెట్లు ఉండేవి, ఆడవాళ్లకి ఒక పక్క వేరేగా ఉండేది. పాక హాళ్లలో నేల క్లాసు అంటే చాలాచోట్ల ఇసకే. ముందువాడి తల అడ్డమొస్తే కింద ఇసకంతా పోగుచేసుకుని గుట్ట మీద కూర్చునేవాళ్లు, అప్పుడు వెనకవాడికి అడ్డం, వాడింకా పెద్ద గుట్ట కట్టేవాడు, ఇంటర్వెల్‌కి ఎవరో ఒకరు ఆ గుట్టలన్నీ కాలితో చదును చేసి పోయేవాళ్లు. "నేల టిక్కెట్టులో ఇసక ఉండేదా మామ్మా?" అని మీరొక్క మాట అందిస్తే చాలు, మిగతాది ఆవిడ చూసుకుంటుంది. హాలు మీద మైకులో ఘంటసాల గారి భక్తి పాట వినపడిందంటే టిక్కెట్లు మొదలయ్యాయని గుర్తు, పొలంలో ఉన్నవాళ్లు కూడా ఆ పాట విని పరిగెత్తేవారు. ఆ పాటేదో పాడమనండి. సిగ్గుపడకుండా పాడతారు.

అక్కచెల్లెళ్లో అన్నదమ్ములో ఇద్దరు దొరికితే ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టండి, ఒక్కొక్కర్నీ విడిగా అడగొద్దు. "ఏడ్చింది నువ్వు", "నేనెందుకు ఏడుస్తానే, రాక్షసుడొస్తే బెంచీ కింద దూరింది నువ్వు" అని కాసేపు పోట్లాడుకుంటారు. మీరు తీర్పు చెప్పొద్దు. ఫోన్లో వెతికి "లేదు పెద్దమ్మా, ఆ సీను ఆ సినిమాలోది కాదు" అని మధ్యలో అడ్డుపడే మేధావి ప్రతి ఇంట్లో ఒకడుంటాడు, వాణ్ని బజారుకి పంపించేయండి. రెండు మాటలూ రికార్డు కావాలి. రికార్డు చేస్తున్నామని ముందే చెప్పి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టి వదిలేయండి. చేత్తో మొహం ముందు పట్టుకుంటే పెద్దవాళ్లు వెంటనే సభలో మాట్లాడినట్టు మాట్లాడతారు.

ఏ సినిమానో తేల్చడం అసలు తలనొప్పి. గుర్తుండేది ఒక ముక్కే: పాము పడగ విప్పుతుంది, ఎవరో మాయమవుతారు, ఒకావిడ గుడి మెట్ల మీద ఏడుస్తుంది. పల్లవిలో ఒక్క లైను దొరికినా సగం పని అయిపోయినట్టే, దాన్ని ఫోనుకి నోటితో చెప్పి వెతకొచ్చు. పాట దొరక్కపోతే రంగుల సంగతి అడగండి. తెలుగులో పూర్తిగా రంగుల్లో తీసిన మొదటి సినిమా 1963లో వచ్చిన లవకుశ. అంతకు ముందు ఒక పాటో కొన్ని రీళ్లో మాత్రం రంగుల్లో ఉన్న సినిమాలు ఉండేవి, కాబట్టి "మధ్యలో ఉన్నట్టుండి రంగులొచ్చాయి" అని మామ్మ అంటే కొట్టిపారేయకండి. తెర ఎంత వెడల్పుగా ఉండేదో కూడా అడగండి. తెలుగులో తొలి సినిమాస్కోప్ 1974 నాటి అల్లూరి సీతారామరాజు. "తెర ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంది" అన్నారంటే చూసింది ఆ తర్వాతే అయ్యుండాలి.

ఏడాది పట్టుకోవడానికి మన డెల్టాలో క్యాలెండర్ కంటే గట్టి ఆధారం వరదలూ తుపాన్లూ. "పెద్ద వరదొచ్చిన ఏడు" అంటే 1986 ఆగస్టు అయ్యే అవకాశం ఎక్కువ, అయితే ఇంకా పెద్దవాళ్ల నోట అదే మాట 1953 వరద గురించి కూడా రావచ్చు, మనిషి వయసు చూసుకోండి. "కొబ్బరి చెట్లన్నీ పడిపోయాయే, అప్పుడు" అని కోనసీమ మనిషి అన్నాడంటే అది 1996 నవంబరు 6 తుపాను. జగదేకవీరుడు అతిలోకసుందరి సంగతైతే మరీ చిత్రం, అది విడుదలైన 1990 మే 9వ తేదీనే పెద్ద తుపాను కోస్తాలో తీరం దాటింది. కాబట్టి మీ మావయ్య "మొదటి రోజు మోకాల్లోతు నీళ్లలో నిలబడి చూశాను" అంటే గొప్పలు చెబుతున్నాడని నవ్వకండి, నిజమే అయ్యుండొచ్చు.

ఒక చిన్న చిక్కుంది. విడుదల సంవత్సరం చూసి వయసు లెక్కేసేస్తారు చాలామంది. రాజమండ్రిలో, కాకినాడలో ఆడిన సినిమా చిన్న ఊరి హాలుకి రావడానికి నెలలు పట్టేది, ఒక్కోసారి ఏళ్లు. పౌరాణికాలైతే శివరాత్రికో సంక్రాంతికో మళ్లీ మళ్లీ వేసేవాళ్లు, అందుకే 1957 నాటి మాయాబజార్‌ని "కొత్తగా వచ్చినప్పుడు చూశాను" అని 1970ల్లో పుట్టినవాళ్లు కూడా ఒట్టేసి చెబుతారు. వాళ్ల ఊరికి అది కొత్తే మరి. విడుదల తేదీని బట్టి తెలిసేది ఒక్కటే: అంతకు ముందు చూసుండరు. మిగతాది వేరే గుర్తులతో సరిచూడాలి. దాళ్వా, అంటే రెండో పంట, కోతలు అయ్యాయా, వేసవిలో కాలవలు కట్టేశారా, ఒళ్లో ఉన్న పసిపిల్ల ఎవరు అని అడగండి. చివరి ప్రశ్నే అన్నిటికంటే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఆ పసిపిల్ల పుట్టిన ఏడాది ఇంట్లో ఎవరికో ఒకరికి కచ్చితంగా తెలుసు.

హాలు కాకుండా వీసీపీ (వీడియో క్యాసెట్ ప్లేయర్) కాలం వాళ్లున్నారు, అంటే మా ఈడు. పెళ్లికో, వినాయక చవితి పందిట్లోకో కలర్ టీవీ, వీసీపీ, క్యాసెట్లు రాత్రికి అద్దెకి తెచ్చేవాళ్లు. మొదట పెద్దవాళ్ల కోసం ఒక భక్తి సినిమా, తర్వాత ఫైటింగు సినిమా, తెల్లారుజామున వేసేదానికి ఒక్కడు కూడా మెలకువగా ఉండేవాడు కాదు. మీకు ఇంటర్వెల్ దాకా మాత్రమే గుర్తున్న సినిమా ఏదైనా ఉంటే అది బహుశా ఆ రాత్రి ఆఖరి క్యాసెట్టే. 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలయ్యాక, అదే ఏడు జెమినీ కూడా వచ్చాక, ఈ అద్దె వ్యాపారం మెల్లగా సన్నగిల్లింది. టీవీలో చూసినవాళ్ల జ్ఞాపకాల్లో సినిమాతో పాటు ప్రకటనలు కూడా వస్తాయి, వాటినీ రాసుకోండి, తీసేయకండి.

పేరు దొరికాక సరైన ప్రతి వెతకాలి. యూట్యూబులో ఒకే సినిమా నాలుగైదు చోట్ల ఉంటుంది. హక్కులున్న సంస్థ పెట్టినదీ, నిడివి ఎక్కువున్నదీ చూసుకోండి. టీవీ కోసం కోసిన ప్రతుల్లో మొదట ఎగిరిపోయేవి పాటలే. మాయాబజార్‌కి రంగులద్దిన ప్రతి 2010లో వచ్చింది, అందులో నిడివి కొంత తగ్గింది. కాబట్టి "ఇక్కడో పాటుండాలి" అని అమ్మ అంటే అమ్మ మాటే నమ్మి నలుపు తెలుపు ప్రతి పెట్టండి, ఎలాగైనా అదే బాగుంటుందని నా అభిప్రాయం. పాత సినిమా బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది, మన టీవీలు దాన్ని పక్కలకి సాగదీసి అందర్నీ లావుగా చూపిస్తాయి. సెట్టింగుల్లో బొమ్మ సైజు మార్చండి. రెండు పక్కలా నల్లగా ఖాళీ మిగిలితేనే సరిగ్గా ఉన్నట్టు.

చూసేటప్పుడు టీవీ ముందు చాప వేయండి, ఇంటర్వెల్ ఇవ్వండి. జంతికలూ వేయించిన వేరుశనక్కాయలూ చాలు. పిల్లలు మొదటి పావుగంట విసుక్కుంటారు, ఫోనివ్వమంటారు. అలాంటప్పుడు మొదటి నుంచే చూడాలన్న నియమం పెట్టుకోకుండా మాయాబజార్‌ని ఎస్వీ రంగారావు భోజనం దగ్గర మొదలుపెట్టండి, లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎగిరి వెళ్తుంటే కదలని పిల్లాణ్ని నేనింతవరకు చూడలేదు. ఆ తర్వాత వెనక్కి వెళ్లొచ్చు. 1995లో అమ్మోరు చూసి జడుసుకున్నవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు, ఆ దర్శకుడు కోడి రామకృష్ణది మన పాలకొల్లే. ఆ సినిమాకి హాల్లో పూనకాలు వచ్చిన సంగతి చెప్పించుకోండి గానీ చిన్నపిల్లలకి మాత్రం రాత్రిపూట వేయకండి. కొన్ని సినిమాలు ఇప్పుడు చూస్తే బాగోవు, హీరోయిన్ వెంటపడి ఏడిపించడం చూసి మీ అమ్మాయి "ఇదేంటి నాన్నా?" అంటుంది. బాగోలేదని ఒప్పేసుకుని వేరేది పెట్టండి, దానికోసం వాదించకండి.

పిల్లలకి అన్నిటికంటే నచ్చేది ఫిల్ము ముక్కల ఆట. రీలు తెగినప్పుడు ఆపరేటర్ కత్తిరించి పారేసిన ముక్కలు హాలు వెనక ఏరుకునేవాళ్లు. తెర మీద సెకనుకి 24 బొమ్మలు పోతాయి, వాటిలో ఒక్కటి చేతికి దొరికితే, అదీ హీరో ఉన్నదైతే, దానికి గోళీలు మార్చుకునేవాళ్లు. మాడిపోయిన బల్బు లోపలి సామాను తీసేసి నీళ్లు నింపితే అదే లెన్సు. గది తలుపు దగ్గరేసి, సందులో బల్బు పెట్టి, దాని ముందు ఫిల్ము పట్టుకుంటే, బయట ఒకడు అద్దంతో ఎండని లోపలికి కొట్టేవాడు, ఎదురుగా నాన్న పంచె తెర. ఎండ జరిగినప్పుడల్లా అద్దం తిప్పుతూ ఉండాలి కాబట్టి ఆ అద్దం పట్టుకున్నవాడికి బొమ్మ ఎప్పుడూ కనపడదు. మీ ఇంట్లో ఆ పని ఎవరికి పడేదో అడగండి, ఆ మనిషి ఇప్పటికీ మర్చిపోయి ఉండరు.

ఇప్పుడు చేయాలంటే బల్బు జోలికి వెళ్లకండి, గాజు గుచ్చుకుంటుంది. భూతద్దం తీసుకుని కిటికీకి ఎదురుగా గోడ దగ్గర పట్టుకుని, కిటికీ బొమ్మ గోడ మీద స్పష్టంగా పడేదాకా ముందుకీ వెనక్కీ జరపండి. అప్పుడు అద్దానికీ గోడకీ ఉన్న దూరం కొలుచుకోండి. ఫిల్ముని భూతద్దానికి ఆ దూరం కంటే కొంచెం ఎక్కువ దూరంలో పట్టుకుని, ఫిల్ము వెనక బటర్ పేపరు ముక్క, దాని వెనక ఫోను టార్చి. గది బాగా చీకటిగా ఉండాలి, గోడ మూడు నాలుగు అడుగుల్లో ఉండాలి. బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి ఫిల్ముని తలకిందులుగా పట్టుకోవాలి. ఫిల్ము ముక్కలు దొరకవు అంటారా, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు కత్తిరించి మార్కర్‌తో పిల్లల చేతే బొమ్మలు వేయించండి. వాళ్లు వేసిన రాక్షసుడు గోడంత అయ్యేసరికి అరుపులు మొదలవుతాయి.

కుదిరితే పెద్దవాళ్లని ఆ హాలు ఉన్న చోటికి తీసుకెళ్లండి. చాలావరకు కల్యాణ మండపాలో గోడౌన్లో అయిపోయాయి, కొన్నిచోట్ల టిక్కెట్ల కిటికీ ఉన్న గోడ మాత్రం మిగిలింది. ఆ కిటికీ పక్కన నిలబెట్టి ఫోటో తీయండి. వచ్చే ఏడు చూద్దాంలే అనుకోవద్దు. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో ఎన్నో సినిమాల్లో కనపడిన పెద్ద నిద్రగన్నేరు చెట్టు, అందరూ సినిమా చెట్టు అనేది, 2024 ఆగస్టులో కూలిపోయింది. దాని కింద ఫోటో దిగుదామని వాయిదా వేసినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు.

ఇంట్లో అటక మీద కూడా ఓసారి చూడండి. హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకాలు ఉండొచ్చు, పల్చటి కాగితం, సగం కథ చెప్పి సరిగ్గా చిక్కుముడి దగ్గర ఆపేసి మిగతాది వెండితెరపై చూడమని ముగించేవి. వాటిని లామినేషన్ చేయించకండి. పగటి వెలుతురులో పేజీ పేజీ ఫోటో తీసి, పుస్తకాన్ని కాగితం కవర్లో పెట్టి తడి తగలని చోట దాచండి. మార్జిన్లో పెన్సిల్‌తో రాసిన లెక్కలో, ఎవరి పేరో ఉంటే దాన్ని కూడా ఫోటో తీయండి, చెరపకండి.

రికార్డు చేసిన ఆడియోకి ఆ రాత్రే పేరు మార్చండి. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ హాలు, ఎవరితో వెళ్లారు అన్నీ ఫైలు పేరులోనే తెలుగులో రాసేయండి, సినిమా పేరు ఇంకా తేలకపోతే ఆ చోట ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి. ఫోన్లో ఉన్నది కాకుండా ఇంకో కాపీ ఊళ్లో ఎవరికైనా పంపండి. ఆ కాపీ విన్న పక్కింటి ముసలాయన "ఆ సినిమా నేనూ అదే రోజు చూశాను" అంటూ వస్తే, ఆయన్ని ముందు హాలుకి ఏ దారిన వెళ్లారో అడగండి.