తిరుపతి టోర్నమెంట్‌లో నల్లపావులు వస్తే కారో-కాన్ ఎలా ఆడాలి?

తిరుపతిలో ఆదివారం రాపిడ్ (తక్కువ టైమ్‌లో ఆడే) చెస్ టోర్నమెంట్‌కు మొదటిసారి వెళ్తున్నారా? నల్లపావులకు నాలుగు రకాల ఓపెనింగ్‌లు (ఆట మొదటి ఎత్తుల వరుసలు) బట్టీ పట్టకండి. ఒక్క డిఫెన్స్‌ను గట్టిగా పట్టుకోండి. నా ఓటు కారో-కాన్ డిఫెన్స్‌లోని క్లాసికల్ శాఖకే. కాపాబ్లాంకా, బోత్విన్నిక్, కార్పోవ్ లాంటి ప్రపంచ చాంపియన్లు నమ్ముకున్న డిఫెన్స్ ఇది.

ముందు సెంటర్. తెల్లపావులవాళ్లు ఈ4 ఆడితే (అంటే బంటును ఈ4 గడికి జరిపితే) మీరు సీ6, వాళ్లు డీ4 ఆడితే మీరు డీ5. వాళ్ల గుర్రం సీ3కి రాగానే మీ డీ5 బంటుతో ఈ4 బంటును కొట్టండి. గుర్రం తిరిగి కొడుతుంది. వెంటనే మీ బిషప్‌ను ఎఫ్5కు తెచ్చి ఆ గుర్రానికి గురిపెట్టండి. ఈ డిఫెన్స్‌కు ప్రాణం ఈ ఎత్తే. తొందరపడి ఈ6 ముందే ఆడితే ఆ బిషప్ సొంత బంట్ల వెనకే ఇరుక్కుంటుంది.

గుర్రం జీ3కి వెళ్లి బిషప్‌ను తరుముతుంది, మీరు జీ6కు తప్పుకుంటారు. అప్పుడు తెల్లవాళ్లు హెచ్4 ఆడతారు. చాలామంది పిల్లలు దెబ్బతినేది ఇక్కడే. గుర్రాన్ని డీ7కు తెస్తే, హెచ్5తో మీ బిషప్ పోయినట్టే. పారిపోవడానికి గడి ఉండదు. హెచ్6 ఆడండి, బిషప్‌కు హెచ్7 దొరుకుతుంది.

అలాగని హెచ్6 ఎప్పుడూ మంచిదే అనుకోవద్దు. 1997 మేలో ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూతో ఆరో ఆటలో అప్పటి ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ ఆడింది కూడా కారో-కానే, కాకపోతే వేరే శాఖ. జీ5లో ఉన్న గుర్రాన్ని తరమడానికి ఆయన హెచ్6 ఆడారు. గుర్రం వెనక్కి పోకుండా ఈ6 బంటును కొట్టింది, 19 ఎత్తుల్లో కాస్పరోవ్ ఓడిపోయారు. అందుకే ప్రతి ఎత్తూ ఎందుకు ఆడుతున్నారో తెలిసి ఆడండి.

మన క్లాసికల్‌లో హెచ్6 తర్వాతంతా తేలికే: గుర్రం డీ7కు, బిషప్‌ల మార్పిడి, ఈ6, రెండో గుర్రం ఎఫ్6కు, ఆపైన కాస్లింగ్ (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరిపి రాజును భద్రం చేయడం). తెల్లవాళ్లు మూడో ఎత్తులోనే ఈ5 ఆడినా మీ బిషప్ ఎఫ్5కే.

చిత్తూరు, మదనపల్లె నుంచి వచ్చేవాళ్లు పొద్దున్నే బయల్దేరండి. శని, ఆదివారాల్లో బస్సులన్నీ భక్తులతో నిండిపోతాయి, నిలబడి వచ్చి బోర్డు ముందు కూర్చుంటే మొదటి రౌండ్‌లోనే టెన్షన్. ఫోన్ హాల్లోకి తేవద్దు, ఆటే పోవచ్చు. పావును ముట్టుకుంటే ఆడాల్సిందే, ఏ చేత్తో ఎత్తు వేశారో ఆ చేత్తోనే గడియారం నొక్కాలి. ముందురోజు రాత్రి ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి, హెచ్4 వరకు ఆడి, అక్కడి నుంచి మీ జవాబు పైకి చెబుతూ ఆడండి.