బైకాల్ మంచుపలక మీద నడవాలంటే

చలికాలంలో సైబీరియాలోని బైకాల్ సరస్సు 636 కిలోమీటర్ల పొడవునా గడ్డకడుతుంది. దక్షిణ భాగం పూర్తిగా బిగిసేసరికి జనవరి వచ్చేస్తుంది. ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మూడో వారం దాకా నడకకు మంచి రోజులు. అప్పటికి పలక చాలాచోట్ల ముప్పావు మీటరు దాటి ఉంటుంది. మనిషిని మోయడానికి స్వచ్ఛమైన గట్టి పలక 10 సెంటీమీటర్లు చాలు. అయినా మనుషులు మునుగుతారు, ఎందుకంటే మందం అంతటా ఒకేలా ఉండదు, మందం ఉన్నచోటల్లా బలమూ ఉండదు.

ముందు రంగు చూడండి. కింది నీళ్లు కనిపించే నల్లని, నీలి పలకే గట్టిది. తెల్లగా, బుడగలతో ఉన్నదానికి సగం బలమే అనుకుని రెట్టింపు మందం కావాలనుకోండి. ఏప్రిల్‌లో పరిస్థితి పూర్తిగా మారుతుంది. ఎండకు పలక నిలువు సూదులుగా విడిపోతుంది. కొలిస్తే అర మీటరు పైనే ఉండొచ్చు, కాలు పెడితే దిగబడుతుంది. ఆ నెలలో కొలతను నమ్మకండి, పలక మీదికి వెళ్లకండి.

బూట్లకు ఇనుప ముళ్ల పట్టీలు, చేతికి ఇనుప మొన ఉన్న కర్ర, 20 మీటర్ల తాడు ఉండాలి. పిడి ఉన్న రెండు మేకులను వేరే చిన్న తాడుకు కట్టి, కోటు పైన మెడలో వేసుకోండి. సంచిలో పెడితే అవసరానికి అందవు. ఫోన్ లోపలి జేబులో ఉంచాలి, చలికి బ్యాటరీ ఇట్టే పడిపోతుంది. అత్యవసర నంబరు 112. ఒంటరిగా వద్దు. మనిషికీ మనిషికీ 5 మీటర్ల ఎడం ఉండాలి.

కొత్తవాళ్లను భయపెట్టేది చప్పుడు. రాత్రి చలికి పలక కుంచించుకుని ఫిరంగి పేలినట్టు పగులుతుంది. ఆ చప్పుడుకు పరుగెత్తనక్కర్లేదు. పొడిగా, వెంట్రుకలా ఉన్న పగుళ్లను ధైర్యంగా దాటొచ్చు. చూసుకోవాల్సింది తడి పగుళ్లను. పెద్దవి పది, ముప్పై కిలోమీటర్లు సాగుతాయి, దాదాపు ఏటా అవే చోట్ల తెరుచుకుంటాయి. పగలు ఎండకు పలక వ్యాకోచించి అంచులు ఒకదాన్నొకటి నెట్టుకుంటే మంచుదిబ్బలు లేస్తాయి. పొద్దున దాటిన పగులు సాయంత్రానికి అలాగే ఉంటుందనుకోవద్దు. దాని మీద రాత్రి కట్టిన పల్చటి పొరను పొడిమంచు కప్పేస్తే ఏమీ కనిపించదు. అందుకే ప్రతి అడుగుకూ ముందు కర్రతో గట్టిగా పొడవండి. అంచు నుంచి అంచుకు ఒక్క అంగకు మించి ఉంటే దూకకుండా, పగులు వెంబడే నడిచి ఇరుకు చోటు వెతకండి.

కొన్నిచోట్ల నడిమధ్యలోనే పలక పల్చబడుతుంది. అడుగునుంచి వాయువులు పైకొచ్చే చోట్లు, వేడినీటి ఊటలు, నదీముఖాలు, ఒడ్డు నుంచి నీళ్లలోకి పొడుచుకొచ్చిన అగ్రాల దగ్గర ప్రవాహాలు అందుకు కారణం. సెలెంగా నది డెల్టా ముందు వాయువుల బెడద ఎక్కువ. ఇక లిస్త్‌వ్యాంకా ఊరి దగ్గర అంగారా నది బయలుదేరే చోట నీళ్లు గడ్డకట్టనే కట్టవు, లోతులనుంచి కాస్త వెచ్చని నీరు పైకి లాక్కుని నది ఉరుకుతుంది. వేల బాతులు చలికాలం అక్కడే గడుపుతాయి. ఆ అంచుకు వెళ్లకండి, ఒడ్డునుంచే చూడండి. యెనిసేయ్ నదిని చేరాలని పారిపోతున్న కూతురు అంగారాపై తండ్రి బైకాల్ విసిరాడని చెప్పుకునే షామాన్ రాయి ఆ ముఖద్వారంలోనే నీళ్లపైకి కనిపిస్తుంది.

ఒల్ఖోన్ ద్వీపానికీ ఒడ్డుకూ మధ్య సార్మా గాలి ప్రమాదం. సార్మా నది లోయ గుండా సెకనుకు 40 మీటర్లు మించి కూడా వీస్తుంది. ఎక్కువగా శరదృతువుదే అయినా, కొండ శిఖరాలపై మేఘాలు పేరుకుంటే ఏ కాలమైనా ఒడ్డు పట్టండి, నున్నని పలక మీద నిలబడలేరు. ఒల్ఖోన్‌కు బండిలో వెళ్తే అధికారికంగా తెరిచిన మంచుదారినే, సీటు బెల్టు తీసేసి వెళ్లాలి.

మునిగితే మొదటి నిమిషం ఊపిరి అదుపు తప్పుతుంది. అరవకుండా, నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ దాన్ని అదుపులోకి తెచ్చుకోండి. పది నిమిషాల్లోపే చేతులు పట్టు వదిలేస్తాయి. వచ్చిన దిక్కుకే తిరగండి, అంతదాకా మిమ్మల్ని మోసిన పలక అదే. కాళ్లు కొట్టుకుంటూ ఒళ్లు అడ్డంగా తెచ్చి, మేకులు గుచ్చి లాక్కోండి. పైకొచ్చాక లేవకుండా దొర్లుతూ దూరం జరగండి. తోడువారు పడుకునే తాడు విసరాలి.

ఫిబ్రవరి, మార్చిలలో నెర్పా సీళ్లు దిబ్బల మధ్య పొడిమంచు గుహల్లో పిల్లల్ని కంటాయి. అలాంటి గుట్టలు ఎక్కకండి. పారదర్శకమైన పలక గుండా దిగే వెలుతురుకు కిందే శైవలాలు పెరుగుతాయి. వాటిని తిని ఎపిషురా అనే చిన్న జీవి బతుకుతుంది, దాని మీద ఓముల్ చేప. పలక మీద వదిలిన చెత్త, సబ్బునీరు వసంతంలో నేరుగా ఆ నీటిలోకే పోతాయి, అన్నీ వెనక్కి తెచ్చుకోండి.

ఒల్ఖోన్‌లోని ఖుజిర్ ఊరి పక్కనున్న బుర్ఖాన్ శిల స్థానిక బుర్యాత్ ప్రజలకు పవిత్రం. దాన్ని ఎక్కొద్దు, గుహలోకి దూరొద్దు. అక్కడి సెర్గె అనే పూజా స్తంభాలకు కట్టిన రిబ్బన్లు విప్పకండి, ప్లాస్టిక్‌వి కట్టకండి.