జిరోనా చుట్టుపక్కల కార్ల గోల లేకుండా గ్రావెల్ బైకింగ్ (మట్టి, కంకర దారుల్లో సైకిల్ తొక్కడం)

స్పెయిన్‌లో బార్సిలోనా దగ్గర ఉన్నోళ్లు ఎవరైనా ఉంటే ట్రెయిన్ ఎక్కి జిరోనా వెళ్లిపోండి, అక్కడ 1969లో మూసేసిన నారోగేజ్ రైల్వే లైన్నే సైకిల్ దారిగా మార్చారు, ఓలోట్ అనే ఊరి నుంచి జిరోనాకి దాదాపు 54 కిలోమీటర్లు, చాలావరకు మట్టి దారే. కొత్తోళ్లయితే ఓలోట్‌లోనే మొదలెట్టండి, మొదట్లో కొంచెం ఎక్కాలి గానీ తర్వాత దాదాపు అంతా దిగుడే. అక్కడక్కడా రోడ్డు దాటాలి, చూస్కోండి.

అది బోర్ కొడితే జిరోనా పక్కనే ఉన్న గవారెస్ కొండలకి వెళ్లండి. కార్క్ చెట్ల అడవి, ఫారెస్ట్ ట్రాక్‌లు, ఎత్తు 500 మీటర్లే కదా అనుకోకండి, ఎక్కడం దిగడం ఎక్కడం దిగడం, కాళ్లు లాగేస్తాయి. 40 ఎంఎం ట్యూబ్‌లెస్ టైర్లు వేస్కోండి, 70 కిలోల మనిషికి టైర్లో గాలి 30-35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు, రాళ్లలో గాలి ఎక్కువుంటే బండి ఎగిరెగిరి పడుద్ది. గేర్ విషయంలో మాత్రం ఇగో వద్దు, వెనక పెద్ద క్యాసెట్ (వెనక చక్రానికుండే గేర్ల పళ్లచక్రాల సెట్) పెట్టించుకోండి, ఎక్కడం తేలికవుద్ది.

ఊళ్లలో పబ్లిక్ కుళాయిలు ఉంటాయి గానీ 'నో పొటాబ్లే' అని రాసుంటే ఆ నీళ్లు తాగొద్దు. చలికాలం అడవిపందుల వేట నడుస్తుంటుంది, బోర్డు కనిపిస్తే వేరే దారి పట్టండి. ఎండాకాలంలో మంటల భయంతో అడవి దారులు మూసేస్తారు ఒక్కోసారి, అందుకే బయల్దేరే ముందు 'ప్లా ఆల్ఫా' (అక్కడి అడవి మంటల ప్రమాద హెచ్చరిక) లెవెల్ చెక్ చేస్కోండి. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో పెట్టుకోండి, ఎమర్జెన్సీకి 112.