కంపైలర్ ఉన్నా లేదంటుంటే
ఓపెన్ సోర్స్ ప్రోగ్రామును సొంతంగా బిల్డ్ చేసేటప్పుడు, సీ కంపైలర్ (సీ కోడ్‌ను కంప్యూటర్ నడపగల ప్రోగ్రాముగా మార్చేది) ఎగ్జిక్యూటబుల్ ఫైళ్లను తయారు చేయలేకపోతోందంటూ, బిల్డ్‌కు కావాల్సినవి ఉన్నాయో లేదో ముందుగా చూసే కాన్ఫిగర్ స్క్రిప్టు ఆగిపోయిందా? జీసీసీ అనే ఆ కంపైలర్‌ను తీసేసి మళ్లీ ఎక్కించే పని మాత్రం పెట్టుకోకండి. నేను ఒక సాయంత్రమంతా అదే చేసి అలసిపోయాను.

అదే ఫోల్డరులో కాన్ఫిగ్ డాట్ లాగ్ అనే ఫైలు ఉంటుంది. తెరిచి ‘కాన్ఫ్‌టెస్ట్’ అన్న మాట కోసం వెతకండి. స్క్రిప్టు ఆ పేరుతో ఒక బుల్లి ప్రోగ్రాము రాసి, కంపైల్ చేసి చూసుకుంటుంది. అది ఎందుకు బెడిసికొట్టిందో ఆ చుట్టుపక్కల వరుసల్లోనే ఉంటుంది. నాకైతే ‘సీఆర్‌టీ1 డాట్ ఓ’ అనే ఫైలు దొరకలేదని కనిపించింది. అంటే కంపైలర్ నిక్షేపంగా ఉంది, లేనివి సీ లైబ్రరీ డెవలప్‌మెంట్ ఫైళ్లు! ఉబుంటు, డెబియన్‌లలో బిల్డ్-ఎసెన్షియల్ ప్యాకేజీ వేస్తే అవి వచ్చేస్తాయి. అవీ ఉంటే, ఎప్పుడో టెర్మినల్ సెట్టింగుల ఫైలైన బాష్‌ఆర్‌సీలో రాసి మరిచిపోయిన బిల్డ్ ఆప్షన్లైన సీఫ్లాగ్స్, ఎల్‌డీఫ్లాగ్స్ మీద అనుమానపడండి.

కాన్ఫిగర్ స్క్రిప్టుకు బదులు కొన్ని ప్రోగ్రాములు వాడే సీమేక్ అనే టూల్‌ది వేరే మొండితనం. మొదటిసారి దొరికిన కంపైలర్‌నే కాష్‌లో రాసిపెట్టుకుంటుంది, తర్వాత ఏ కంపైలర్ వాడాలో చెప్పే సీసీ వేరియబుల్ మార్చినా పట్టించుకోదు. బిల్డ్ ఫోల్డరును పూర్తిగా తుడిచేసి మళ్లీ నడపండి.