అమెరికాకి కొత్తగా వచ్చారా? ఈ స్వైప్ ఫీజు గొడవ మీకూ తగులుతుంది

ఇండియన్ స్టోర్‌కి వెళ్లి కరివేపాకు, పచ్చిమిర్చి తీసుకుంటే ఆరు డాలర్లయిందనుకోండి, కౌంటర్ మీద "10 డాలర్లు దాటితేనే కార్డు" అని కాగితం అతికించి ఉంటుంది. కొత్తలో నాకు ఒళ్లు మండేది. తర్వాత తెలిసింది, క్రెడిట్ కార్డుకి 10 డాలర్ల దాకా అలా షరతు పెట్టుకోవచ్చని చట్టమే చెబుతోంది. డెబిట్‌కి మాత్రం కుదరదు.

మనమేమో టీకొట్టు దగ్గర కూడా ఫోన్‌పేతో పది రూపాయలు కొట్టేసి వచ్చినవాళ్లం. 2020 నుంచి యూపీఐకి దుకాణదారు మీద ఛార్జీ లేదు కాబట్టి ఈ సంగతే మనకి తట్టదు. ఇక్కడ క్రెడిట్ కార్డు గీకితే వంద డాలర్లలో సుమారు రెండు డాలర్లు కొట్టువాడి జేబులోంచి పోతాయి, అందులో ఎక్కువ భాగం కార్డు ఇచ్చిన బ్యాంకుకి చేరుతుంది. అదే ఇంటర్‌చేంజ్ ఫీజు, వాడుకలో స్వైప్ ఫీజు. మీ క్యాష్‌బ్యాక్ కూడా చాలావరకు అందులోంచే వస్తుంది.

క్రెడిట్ హిస్టరీ, అంటే ఇక్కడ అప్పు తీసుకుని తీర్చిన రికార్డు, లేదని ఒక పెద్ద బ్యాంకు నాకు రెండుసార్లు కార్డు కాదంది. చివరికి ఒక క్రెడిట్ యూనియన్‌లో 5 డాలర్లు పొదుపు ఖాతాలో వేసి సభ్యుడినై, 500 డాలర్లు డిపాజిట్ పెట్టి సెక్యూర్డ్ కార్డు తీసుకున్నాను. క్రెడిట్ యూనియన్ అంటే లాభం కోసం నడిచేది కాదు, సభ్యులదే, మన ఊళ్లో సహకార సంఘం లాంటిది. ఫెడరల్ క్రెడిట్ యూనియన్ అయితే కార్డు మీద వడ్డీ 18 శాతం దాటదు, డిపాజిట్‌కి 2,50,000 డాలర్ల దాకా బీమా ఉంటుంది.

చేరిన కొన్నాళ్లకి, స్వైప్ ఫీజు బిల్లు వద్దని "మీ సెనేటర్‌కి రాయండి" అంటూ క్రెడిట్ యూనియన్ నుంచి ఈమెయిళ్లు మొదలవుతాయి, కంగారు పడకండి. 2022లో సెనేటర్లు డర్బిన్, మార్షల్ ఒక బిల్లు పెట్టారు, 2023లో మళ్లీ పెట్టారు: పెద్ద బ్యాంకులు తమ క్రెడిట్ కార్డు మీద కనీసం రెండు నెట్‌వర్కులు (బ్యాంకుకీ కొట్టుకీ మధ్య చెల్లింపు నడిపే కంపెనీలు) ఇవ్వాలి, వాటిలో ఒకటి వీసా, మాస్టర్‌కార్డ్ కానిదై ఉండాలి. పోటీ వస్తే ఫీజు తగ్గుతుందని దుకాణదారుల ఆశ. 10,000 కోట్ల డాలర్ల ఆస్తి దాటినవాటికే అన్నారు కాబట్టి క్రెడిట్ యూనియన్లలో నేవీ ఫెడరల్ ఒక్కటే దాని కిందకి వస్తుంది, మరి చిన్నవాళ్లకి ఎందుకు టెన్షన్? 2010 నాటి డెబిట్ కార్డు ఫీజుల చట్టంలో కూడా ఫీజు పరిమితి నుంచి చిన్నవాళ్లని వదిలేశారు గానీ రెండు నెట్‌వర్కుల నియమం అందరి మీదా పడింది. ఆ తర్వాత పెద్ద బ్యాంకులు డెబిట్ రివార్డులు చాలావరకు ఎత్తేశాయి, సరుకుల ధరలు తగ్గినట్టు నాకైతే ఎక్కడా కనబడలేదు. అలాగని క్రెడిట్ యూనియన్లు చెప్పేదంతా నమ్మనక్కర్లేదు, ఫీజు వాళ్లకీ ఆదాయమే. కానీ హిస్టరీ లేని మనలాంటివాడికి కార్డు ఇచ్చే ధైర్యం ఆ ఆదాయంలోంచి కూడా వస్తుంది కదా.

షికాగో వైపు ఉంటే ఇంకో ముచ్చట, పన్ను, టిప్ మీద ఈ ఫీజు తీసుకోకూడదని ఇల్లినాయ్ 2024లో చట్టం చేసింది, బ్యాంకులు వెంటనే కోర్టుకెక్కాయి.

హోటల్ బిల్లు కింద క్రెడిట్ కార్డుకని 3 శాతం సర్‌ఛార్జ్ కనబడితే డెబిట్ కార్డు ఇవ్వండి. దాని మీద వేయకూడదు, వేస్తే తీసేయమని అడగండి. పెట్రోల్ బంకులో క్యాష్‌కో రేటు, క్రెడిట్‌కో రేటు ఉంటాయి, పంపు తీసేముందే చూసుకోండి.