సూట్‌కేస్ జిప్ వేస్తుంటే వెనకాలే విడిపోతోందా? నాకు పనిచేసింది ఇదీ

రన్నర్ (జిప్ మూయడానికి పట్టుకుని లాగే ముక్క) బాగానే కదులుతుంది, కానీ అది దాటిన చోట పళ్ళు కలవకుండా నోరు తెరుచుకుంటాయి. నాదీ ఇదే సమస్య. సబ్బు, కొవ్వొత్తి, పెన్సిల్ రుద్దాను, లాభం లేదు. అవి బిగుసుకుపోయిన జిప్‌కి పనికొస్తాయేమో, దీనికి కాదు.

అసలు తప్పు పళ్ళలో లేదు, రన్నర్‌లో ఉంది. వాడగా వాడగా దాని పై రేకు, కింది రేకు మధ్య సందు పెరుగుతుంది, అప్పుడు పళ్ళను గట్టిగా నొక్కి కలపలేదు.

ముందు పెట్టె ఖాళీ చేసి, రెండు రన్నర్లలో ఏది పాడైందో ఒక్కోటి విడిగా నడిపి చూశాను. పాడైనదాన్ని జిప్ పూర్తిగా తెరుచుకునే వైపు చివరిదాకా లాగాను. తర్వాత చిన్న కటింగ్ ప్లయర్‌తో, పళ్ళు కలిసి బయటికొచ్చే వైపు అంచుని, ఎడమ పక్క కొంచెం, కుడి పక్క అంతే కొంచెం నొక్కి, మూసి చూసి, మళ్ళీ ఇంకాస్త నొక్కాను. ఇక్కడ తొందరపడొద్దు, ఎక్కువ నొక్కితే రన్నర్ కదలదు, పైగా పోత లోహం కాబట్టి పుటుక్కున విరగొచ్చు. మరీ బిగిస్తే సన్నటి స్క్రూడ్రైవర్ మొన దూర్చి కాస్త వదులు చేయొచ్చు.

ఇప్పటికైతే నిలిచింది, ఎన్నాళ్ళో చెప్పలేను. పళ్ళే ఊడినా, కొన్ని జిప్‌లలో పళ్ళకు బదులుండే నైలాన్ తీగ చుట్ట నలిగినా ఇది పనిచేయదు. రన్నర్ మార్చాల్సొస్తే దాని వెనక సాధారణంగా 5, 8, 10 లాంటి అంకె ఉంటుంది, అదే సైజు, అదే రకం కొనాలి. ప్రయాణం మధ్యలో ఇలా అయితే, పాడైనదాన్ని ఒక చివరకు తోసేసి మంచి రన్నర్ ఒక్కదానితోనే మొత్తం మూసేయండి.